ప్రభుత్వ కంప్యూటర్ల భద్రత: చట్టం చేయాల్సిన పని చట్టమే చేయాలి

2014 నవంబరులో ఓపీఎంకు దాని అంతర్గత తనిఖీ అధికారి అయిన ఇన్‌స్పెక్టర్ జనరల్ ఒక ఆడిట్ నివేదిక ఇచ్చారు. ఓపీఎం అంటే అమెరికా ఫెడరల్ ఉద్యోగుల రికార్డులు, పింఛన్లు, అప్పట్లో వారి పూర్వాపరాల విచారణ కూడా చూసిన సంస్థ. ఆ ఏడాది భద్రతా అనుమతిని పునరుద్ధరించుకోవలసిన కంప్యూటర్ వ్యవస్థలు 21 ఉంటే, వాటిలో 11 ఆ పని పూర్తికాకుండానే నడుస్తున్నాయని నివేదిక తేల్చింది. అనుమతి లేనివాటిని ఆపివేసే విషయం పరిశీలించాలని సిఫారసు చేసింది. సంస్థ ఆపలేదు. నెల దాటిన కొద్ది రోజులకే, డిసెంబర్ 18న, ప్రభుత్వ సమాచార భద్రతను ఆధునికీకరించే చట్టం మీద అధ్యక్షుడు ఒబామా సంతకం చేశారు.

అప్పటికే దొంగలు లోపల ఉన్నారు. ఒక కాంట్రాక్టరు ఉద్యోగి లాగిన్ వివరాలతో ఆ ఏడాది మే నెలలోనే చొరబడ్డారు. వేసవిలో పూర్వాపరాల విచారణ ఫైళ్లు తరలించారు. చట్టం మీద సంతకం పడిన ఆ డిసెంబరులోనే 42 లక్షల మంది ఉద్యోగుల రికార్డులు పట్టుకుపోయారు. మరుసటి మార్చిలో వేలిముద్రల వంతు వచ్చింది. 2015 ఏప్రిల్ వరకు ఈ దోపిడీ ఎవరి కంటా పడలేదు. లెక్క తేలేసరికి 2 కోట్ల 15 లక్షల మంది సోషల్ సెక్యూరిటీ నంబర్లు (అక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్యలు), 56 లక్షల మంది వేలిముద్రలు పోయాయి.

ఫెడరల్ కాంట్రాక్టుల్లో భద్రతా పత్రాలు తయారుచేయడం నా వృత్తి. వాషింగ్టన్ చుట్టుపక్కల ఈ పని చేసే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. నలుగురం కలిసినప్పుడు ఈ ఉదంతం ప్రస్తావనకు వస్తే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: చట్టాలు కాగితాలు పెంచుతాయి తప్ప కంప్యూటర్లను కాపాడవు అని. ఈ మాట నాకు సమ్మతం కాదు. ఓపీఎం ఉదంతాన్ని దగ్గరగా చూస్తే తేలేది వేరు. ఆడిటరుకు లోపం తెలుసు. సంస్థ పెద్దలకూ తెలుసు. ఆపమని ఆజ్ఞాపించగల అధికారం మాత్రం, లోపాన్ని కనిపెట్టినవారి చేతిలో లేదు. అధికారం ఎవరిదో, గడువు ఎంతో, గడువు దాటితే ఏం జరుగుతుందో తేల్చి చెప్పడం చట్టం వల్లనే అవుతుంది. ఆ మూడింటినీ వదిలేసి పత్రాలు అడిగే చట్టాలు ఉన్నాయి, నిజమే. వాటి మీద కోపం చట్టం మీదే కోపంగా మారకూడదు.

పోయిన ఫైళ్లలో ఏముందో ఒకసారి చెప్పాలి. రహస్య సమాచారం చూసే ఉద్యోగానికి దరఖాస్తు చేసేవారు ఎస్‌ఎఫ్-86 అనే ఫారం నింపాలి. వంద పేజీలు దాటే ఆ ఫారంలో గత పదేళ్ల ఇళ్ల చిరునామాలు, ఇటీవలి ఇళ్లలో ఉన్నప్పుడు మనల్ని ఎరిగినవారి పేర్లు, అప్పులు, మత్తుపదార్థాల వాడకం, మానసిక చికిత్స, విదేశీయులతో స్నేహాలు అన్నీ రాయాలి. పౌరసత్వం తీసుకున్న తెలుగువాడు దాన్ని నింపితే భారతదేశంలో ఉన్న అమ్మానాన్నల, తోబుట్టువుల, అత్తమామల పేర్లు, పుట్టిన తేదీలు, చిరునామాలు అందులోకి ఎక్కుతాయి. 2 కోట్ల 15 లక్షలన్నది సోషల్ సెక్యూరిటీ నంబర్ల లెక్క. ఆ నంబరే లేని పరదేశపు బంధువులు ఈ లెక్కలోకి రారు. వారికి ప్రభుత్వం నుంచి ఉత్తరం వెళ్లదు. తమ వివరాలు ఇంకొక దేశపు ఫైలులో ఉన్నాయన్న సంగతే చాలామందికి తెలియదు. సమాచార భద్రత అన్న మాట వినగానే నాకు సర్వర్ల కన్నా ముందు వీరే గుర్తుకు వస్తారు.

ఇక చట్టాల సంగతి. 2014 నాటిది మొదటిది కాదు. 1987లోనే అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్, కంప్యూటర్ భద్రతా చట్టం ఆమోదించింది. ప్రభుత్వ వ్యయాన్ని తనిఖీ చేసే గావో సంస్థ 1997 నుంచి ఫెడరల్ సమాచార భద్రతను తన ‘అధిక ప్రమాద’ జాబితాలో పెడుతూనే ఉంది. 2002 డిసెంబరులో ఈ-గవర్నమెంట్ చట్టంలో భాగంగా ఫిస్మా, అంటే ఫెడరల్ సమాచార భద్రతా నిర్వహణ చట్టం వచ్చింది. 2014లో ఆధునికీకరించినది దీన్నే. ప్రతి సంస్థకూ భద్రతా కార్యక్రమం ఉండాలి, ఏటా స్వతంత్ర మూల్యాంకనం జరగాలి, ప్రమాణాలు నిస్ట్ అనే ప్రభుత్వ ప్రమాణాల సంస్థ రాయాలి అని అది నిర్దేశించింది. ఉద్దేశం మంచిదే. ఆచరణలో మాత్రం మూడేళ్లకోసారి అనుమతి పత్రాల కట్ట కట్టడమే భద్రత అయిపోయింది. ఏటీఓ అని మేం పిలుచుకునే ఆ అనుమతి చేతికి అందిన రోజున అందరూ ఊపిరి పీల్చుకునేవారు. మరునాడు బయటపడే కొత్త లోపానికి ఆ కట్టలో చోటు ఉండదు. తాళం కొన్న రసీదు చూపించి తలుపు వేశామని చెప్పినట్టు ఉండేది వ్యవహారం.

ఆ కట్టల ఖరీదు ఎంతో విదేశాంగ శాఖ అధికారి జాన్ స్ట్రూఫర్ట్ 2010లో కాంగ్రెస్ ముందు చెప్పారు. ఆరేళ్లలో సుమారు 150 ముఖ్యమైన వ్యవస్థల అనుమతి పత్రాల కోసం 13.3 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. తయారైనవి 95,000 పేజీలు. పేజీకి 1,400 డాలర్లన్నమాట. అచ్చయ్యేనాటికే పాతబడిపోయే పేజీలు అవి.

ఆయన ఊరికే ఫిర్యాదు చేసి ఊరుకోలేదు. 2008 నుంచి విదేశాంగ శాఖ ఐపోస్ట్ అనే పద్ధతి నడిపింది. ప్రపంచమంతటా ఉన్న రాయబార కార్యాలయాల్లోని కంప్యూటర్లను తరచు స్కాన్ చేసి, దిద్దని ప్రతి లోపానికీ ప్రమాదాన్ని బట్టి పాయింట్లు వేసేవారు. వాటిని బట్టి ప్రతి కార్యాలయానికీ ఎ నుంచి ఎఫ్ వరకు ఒక గ్రేడు వచ్చేది. ఎవరి గ్రేడు ఏమిటో ఆ కార్యాలయం పెద్దకూ, అక్కడి సాంకేతిక సిబ్బందికీ కనిపించేది. ఏ కంప్యూటర్‌లో ఏ లోపం ముందు సరిచేస్తే పాయింట్లు బాగా తగ్గుతాయో కూడా అందులోనే ఉండేది. ఏడాది తిరిగేసరికి వారి కొలమానం ప్రకారం ప్రమాదం దాదాపు 90 శాతం తగ్గింది. ఈ పద్ధతి విండోస్ కంప్యూటర్లనే కొలుస్తోందని గావో 2011లో ఎత్తిచూపింది. ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయినా రాయబారి స్థాయి మనిషి తన కార్యాలయానికి సి ఎందుకు వచ్చిందని కింది ఉద్యోగిని అడిగే పరిస్థితి రావడం ఎంత పెద్ద మార్పో ఈ రంగంలో ఉన్నవారికి తెలుసు. 95,000 పేజీలు ఏ రాయబారి చదివి ఉంటారు?

నేను రోజూ చూసే ఒక కాగితం గురించి చెబుతాను. ప్రతి వ్యవస్థకూ లోపాల దిద్దుబాటు పట్టిక ఒకటి ఉంటుంది. ఒక్కో వరుసలో ఒక లోపం, దాని తీవ్రత, బాధ్యుడు, పూర్తిచేయవలసిన తేదీ. ఒక కార్యాలయంలో నేను చూసిన వరుస ఇలా ఉండేది: డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పాతది, తయారీదారు మద్దతు ముగిసింది, తీవ్రత ‘అధికం’. తేదీ గడిలో ‘వచ్చే త్రైమాసికం’. ఆ త్రైమాసికం వచ్చాక గడి మళ్లీ మారేది, పక్కన ‘నిధులు లేవు’ అనే వ్యాఖ్య చేరేది. బాధ్యుడి గడిలో మనిషి పేరు ఉండేది కాదు, విభాగం పేరు ఉండేది. ఆడిటరు వచ్చి పట్టిక ఉందా అని చూస్తాడు. ఉంది. తేదీలు ఉన్నాయా? ఉన్నాయి. ఆయన గడులన్నీ సరిపోయాయి. ఆ డేటాబేస్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అక్కడ పనిచేసేవారు సోమరులు కారు. తేదీ దాటించినందుకు ఎవరినీ ఎవరూ ప్రశ్నించలేని ఏర్పాటు అది.

2014 చట్టం ఈ రోగాన్ని కొంతవరకు పట్టుకుంది. వృథా నివేదికలను తొలగించేలా ఏ-130 అనే పాలనా నిబంధనను సవరించమని వైట్‌హౌస్ బడ్జెట్ కార్యాలయాన్ని ఆదేశించింది. 2016 జూలైలో ఆ సవరణ వచ్చింది. మూడేళ్లకోసారి కట్ట కట్టే తంతు స్థానంలో నిరంతర పరిశీలన ప్రధానమైంది. పెద్ద దాడి జరిగితే ఏడు రోజుల్లోగా కాంగ్రెస్‌కు చెప్పాలన్న నియమం వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యమైనది, పౌర సంస్థలన్నీ తప్పనిసరిగా పాటించవలసిన ఆదేశాలు జారీచేసే అధికారాన్ని హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకు ఇవ్వడం. రక్షణ శాఖ, గూఢచార సంస్థల వ్యవస్థలు దీని పరిధిలోకి రావు. ఈ అధికారంతో మొదటి ఆదేశం 2015 మేలో వెలువడింది: ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న వ్యవస్థల్లో అతి తీవ్ర లోపాలను 30 రోజుల్లో సరిచేయాలి అని. ఓపీఎం దొంగతనం బయటపడ్డాక 2015 డిసెంబరులో ఇంకో చట్టం వచ్చింది. అత్యవసర ఆదేశాలు ఇచ్చే వీలు కూడా అప్పుడే చేరింది.

ఆ అధికారం విలువ 2020 డిసెంబరులో తెలిసింది. సోలార్‌విండ్స్ అనే సంస్థ నెట్‌వర్క్ పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌లోకి రష్యా గూఢచారులు తమ కోడ్ చొప్పించారు. సుమారు 18,000 మంది ఖాతాదారులకు ఆ విషపు అప్‌డేట్ చేరింది. తొమ్మిది ఫెడరల్ సంస్థల్లోకి చొరబాటు జరిగింది. దీన్ని కనిపెట్టింది ఒక ప్రైవేటు భద్రతా సంస్థ, ప్రభుత్వ నిఘా కాదు. ఆ లోపాన్ని దాచవలసిన పని లేదు. కనిపెట్టిన తర్వాత జరిగింది మాత్రం చూడండి. డిసెంబర్ 13 ఆదివారం రాత్రి ఆ సాఫ్ట్‌వేర్‌ను నెట్‌వర్క్ నుంచి తొలగించాలని హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కింద సైబర్ భద్రత చూసే సీసా సంస్థ అత్యవసర ఆదేశం జారీచేసింది. సోమవారం మధ్యాహ్నం 12 గంటలకల్లా పని ముగించి నివేదించాలి. ఆరేళ్ల కిందట ఆడిటరు ‘పరిశీలించండి’ అని రాయగలిగాడు. ఇప్పుడు ‘తీసేయండి’ అనగలిగారు. ఈ తేడా తెచ్చింది చట్టమే.

2021 నవంబరు నాటి ఆదేశం నాకు ఇంకా ఇష్టమైనది. ప్రపంచంలో ఏటా వేల సంఖ్యలో లోపాలు బయటపడతాయి. అన్నిటి వెంటా పరుగెత్తడం ఎవరి తరమూ కాదు. దాడిచేసేవారు నిజంగా వాడుతున్న లోపాల జాబితా ఒకటి సీసా తయారుచేసి, ప్రతిదానికీ ఒక గడువు తేదీ రాసింది. కొత్తవాటికి ఆ ఆదేశం పెట్టిన సాధారణ గడువు రెండు వారాలు. జాబితా అందరికీ బహిరంగంగా అందుబాటులో ఉంది. ఫెడరల్ ప్రభుత్వంతో సంబంధం లేని కంపెనీలు కూడా దాన్ని చూసి తమ పనుల వరుస నిర్ణయించుకుంటున్నాయి. త్రైమాసికాల పేరుతో జారిపోయే తేదీ గడిలో క్యాలెండర్ తేదీ పడింది, ఆ తేదీ వేసింది ఆ కార్యాలయం కాదు. నా అనుభవంలో సమావేశాల తీరే మారిపోయింది. ఎప్పుడు చేయగలం అన్న చర్చ పోయి, ఆ తేదీలోగా ఎలా చేయాలన్న చర్చ మొదలైంది.

గడువు చేసే మేలుకు ఓపీఎం కథలోనే మరో రుజువు ఉంది. ఉద్యోగులు లాగిన్ కావడానికి స్మార్ట్ కార్డు ఇవ్వాలన్న అధ్యక్ష ఆదేశం 2004 నాటిది. పదేళ్లు గడిచినా ఓపీఎంలోని 47 ప్రధాన అప్లికేషన్లలో ఒక్కటి కూడా ఆ కార్డును తప్పనిసరిగా అడిగేది కాదు. దొంగతనం బయటపడ్డాక 2015 జూన్‌లో వైట్‌హౌస్ 30 రోజుల గడువు పెట్టి అన్ని సంస్థలనూ పరుగెత్తించింది. పౌర సంస్థల్లో బలమైన లాగిన్ వాడే ఉద్యోగుల శాతం 42 నుంచి 72కు చేరింది. కార్డులు ఉన్నాయి, రీడర్లు ఉన్నాయి, చేతకావడమూ ఉంది. అడిగేవారే లేకపోయారు.

ఇది కార్యనిర్వాహక ఆదేశం వల్లే సాధ్యమైంది కదా, చట్టం ఎందుకు అంటారు కొందరు. ఈ వాదనను నేను తేలికగా తీసుకోను. అధ్యక్షుడి ఆదేశం త్వరగా వస్తుంది. సైబర్ భద్రత మీద 2021 మేలో వచ్చిన 14028 ఆదేశం చాలా మంచిపనులు చేసింది. కాని త్వరగా వచ్చినది అంతే త్వరగా పోతుంది. ఆ ఆదేశం కిందే సైబర్ భద్రతా సమీక్షా మండలి ఏర్పడింది. విమానం కూలితే దర్యాప్తు చేసే సంస్థ తరహాలో, పెద్ద దాడులను లోతుగా పరిశీలించి తప్పు ఎక్కడ జరిగిందో బయటపెట్టడం దాని పని. 2023 వేసవిలో చైనా హ్యాకర్లు మైక్రోసాఫ్ట్ మెయిల్ వ్యవస్థలోకి చొరబడి వాణిజ్య మంత్రి జీనా రైమండో మెయిల్‌ను కూడా చదివారు. దాని మీద 2024 ఏప్రిల్‌లో వచ్చిన నివేదికలో ఈ మండలి మైక్రోసాఫ్ట్ తప్పులను మొహమాటం లేకుండా చెప్పింది, ఆ దాడిని నివారించగలిగి ఉండేవారని తేల్చింది. 2025 జనవరిలో కొత్త ప్రభుత్వం రాగానే మండలి సభ్యులందరినీ తొలగించారు. అమెరికా టెలిఫోన్ సంస్థల్లోకి జరిగిన చొరబాటు మీద వారి పరిశీలన అప్పుడు సాగుతోంది. చట్టం ఏర్పరచిన మండలి అయి ఉంటే దాన్ని ఇంత సులభంగా ఖాళీ చేయగలిగేవారు కాదు.

ఆ మైక్రోసాఫ్ట్ చొరబాటులో మరొక సంగతి ఉంది. దాన్ని మొదట పసిగట్టింది విదేశాంగ శాఖ. ఎవరు ఏ మెయిల్ తెరిచారో చూపించే లాగ్‌లు వారి దగ్గర ఉన్నాయి కాబట్టి పట్టుకోగలిగారు. ఆ లాగ్‌లు అప్పట్లో ఖరీదైన లైసెన్సు కొన్నవారికే అందేవి. కొననివారికి దొంగ వచ్చిపోయిన జాడే కనిపించదు. లాగ్‌లు ఎలా భద్రపరచాలో వైట్‌హౌస్ 2021లోనే మెమో ఇచ్చింది. 2023లో గావో 23 సంస్థలను పరిశీలిస్తే ఆ మెమో పెట్టిన మెట్లలో 17 సంస్థలు అట్టడుగు మెట్టు మీదే ఉన్నాయి, మూడు మాత్రమే పై మెట్టుకు చేరాయి. మెమోకు ఉన్న బలం అంతే.

చట్టాన్ని తాజా చేసే ప్రయత్నం జరగలేదని కాదు. 2022 మార్చి 1న సెనేట్ ఏకగ్రీవంగా ఒక బిల్లు ఆమోదించింది. పీటర్స్, పోర్ట్‌మన్ అనే ఇద్దరు సెనేటర్లు, చెరొక పార్టీవారు, దాన్ని నడిపించారు. అందులోని భాగాల్లో రెండు ఇక్కడ ముఖ్యం. ప్రైవేటు రంగంలోని కీలక సంస్థలు దాడుల గురించి ప్రభుత్వానికి చెప్పాలనే భాగం రెండు వారాల్లో చట్టమైపోయింది. ప్రభుత్వం తన ఇంటిని చక్కదిద్దుకోవాలనే ఫిస్మా సవరణ భాగం ఆగిపోయింది. 2023లో రెండు సభల్లోనూ మళ్లీ ప్రవేశపెట్టారు, ఆ కాంగ్రెస్ కాలం ముగిసేదాకా అది చట్టం కాలేదు. ఇతరుల నుంచి నివేదికలు కోరే ప్రభుత్వం తన మీద అంతే కఠినమైన నియమం పెట్టుకోవడానికి ఇన్నేళ్లు తీసుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఆ బిల్లు ప్రకారం పెద్ద దాడి సంగతి కాంగ్రెస్‌కు చెప్పే గడువు ఏడు రోజుల నుంచి 72 గంటలకు తగ్గుతుంది. ఫెడరల్ ప్రధాన సమాచార భద్రతాధికారి పదవికి చట్టబద్ధమైన పునాది వస్తుంది.

నేనైతే ఇంకొంత కోరతాను. గడువు తీరినా దిద్దని తీవ్ర లోపం ఉంటే, ఆ వ్యవస్థను ఆపాలి. లేదా సంస్థ అధిపతి తన పేరుతో సంతకం చేసి, ఎందుకు నడుపుతున్నదీ కారణం రాసి కాంగ్రెస్‌కు పంపాలి. ఆపితే పింఛన్లు ఆగిపోతాయన్న భయం నిజమైనదే. అందుకే ఆపడం ఒక్కటే దారి అనడం లేదు. ప్రమాదాన్ని స్వీకరిస్తున్నది ఎవరో తెలియాలి.

డబ్బు ప్రస్తావన లేకుండా ఏ చట్టమూ నిలబడదు. 2016లో గావో ఇచ్చిన లెక్క ప్రకారం ప్రభుత్వం ఐటీ మీద ఏటా పెట్టే 8,000 కోట్ల డాలర్లకు పైగా ఖర్చులో సుమారు 75 శాతం ఉన్నవాటిని నడపడానికే పోతోంది. అణ్వాయుధ దళాల సమన్వయ వ్యవస్థ ఒకటి అప్పటికి ఎనిమిది అంగుళాల ఫ్లాపీ డిస్కులు వాడుతోందని అదే నివేదిక చెప్పింది. పాత యంత్రాలను మార్చేందుకు 2017 డిసెంబరులో ఒక నిధి ఏర్పడింది, 2021లో దానికి 100 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఏటా నిలకడగా వచ్చే సొమ్ము కావాలి. ‘నిధులు లేవు’ అనే వ్యాఖ్య పట్టికలో రాయడానికి వీలుండకూడదు.

సాంకేతికత చట్టం కన్నా వేగంగా మారుతుందన్న అభ్యంతరానికి నా జవాబు చిన్నది. చట్టం సాఫ్ట్‌వేర్ పేర్లు, ఎన్‌క్రిప్షన్ పద్ధతులు రాయనక్కరలేదు. అవి నిస్ట్ చూసుకుంటుంది, సీసా జాబితా వారం వారం మారుతుంది.

ఆఖరుగా, ఫిస్మా పరిధి కార్యనిర్వాహక శాఖ వరకే. ఫెడరల్ కోర్టుల దావా పత్రాల వ్యవస్థలోకి చొరబాటు జరిగిందని 2021 జనవరిలో న్యాయవిభాగమే ప్రకటించింది. 2025 ఆగస్టులో మళ్లీ దాడుల వార్త వచ్చింది. సీలు వేసిన పత్రాలు, సాక్షుల వివరాలు ఉండే చోటు అది. కోర్టుల స్వతంత్రతకు భంగం కలగకుండానే వాటికీ, కాంగ్రెస్ సొంత కార్యాలయాలకూ ఇలాంటి గడువులు, ఇలాంటి స్వతంత్ర తనిఖీ పెట్టవచ్చు. తనిఖీ చేసేది ఎవరన్నది ఆయా విభాగాలే నిర్ణయించుకోవచ్చు. వచ్చే బిల్లులో ఆ అధ్యాయం కూడా ఉండాలి.